చిట్టా, ఆవర్జా: నా రోజు లెక్క నేను రాసుకునే పద్ధతి

మా నాన్న రాజమహేంద్రవరం తాడితోటలో ఒక బట్టల కొట్టులో ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తాగా పనిచేశారు. ఆయన బల్ల మీద ఎప్పుడూ రెండు పుస్తకాలు ఉండేవి. ఒకటి చిట్టా. కొట్టు తలుపు తీసిన దగ్గర నుంచి తాళం వేసేదాకా ఏది జరిగితే అది, జరిగిన వరుసలోనే అందులో పడేది. ఎవరికి ఎన్ని మీటర్ల పాప్లిన్ ఇచ్చారు, పాత బాకీలో ఎవరు ఎంత కట్టారు, టీలకు ఎంత, హమాలీకి ఎంత అన్నీ అందులోనే. రెండోది ఆవర్జా. అందులో ఒక్కో ఖాతాదారుకు ఒక్కో పేజీ. చిట్టాలోని పద్దులను తీరిక చూసుకుని ఆ పేజీలకు ఎక్కించేవారు. చిట్టా తెరిస్తే ఆ రోజు కొట్టులో ఏం జరిగిందో తెలిసేది. ఆవర్జా తెరిస్తే ఒక మనిషి సంగతి మొదటి నుంచీ తెలిసేది.

నేనూ లెక్కల మనిషినే. పద్నాలుగు కొట్లకు ట్యాలీలో లెక్కలు రాసి జీఎస్టీ రిటర్నులు వేస్తాను. ఊరందరి పైసలకూ లెక్క చెప్పే నేను నా సొంత పనులకు మాత్రం చాలాకాలం ఏ లెక్కా రాయలేదు. ఆ పనులైనా పెద్దవేమీ కావు. అమ్మ పాడిన పాటలు రికార్డు చేసి, విని, కాగితం మీద పెట్టడం. మేడమీద కుండీల్లో కూరగాయలు పెంచడం. నాన్న పోయాక ఇంటి పన్ను కాగితాల్లో అమ్మ పేరు ఎక్కించడం. మూడేళ్లపాటు ఈ మూడూ నా జాబితాలోనే ఉండిపోయాయి. జాబితా కొండవీటి చాంతాడులా పెరిగింది తప్ప అందులో ఒక్క పనీ కదలలేదు. వెనకటికి పల్లెల్లో తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసేవారు చూడండి, నా జాబితా పనుల పాలిట సరిగ్గా అలాగే ఉండేది.

జాబితా మానేసి చిట్టా మొదలుపెట్టి ఇది నాలుగో ఏడు. ఏం చేయాలో కాదు, ఏం చేశానో రాయడమే ఇందులో అసలు సంగతి. చేయబోయేది రాసుకుంటే ఏదో చేసేసినంత తృప్తి వస్తుంది. చేసింది రాసుకుంటే, చేయనిది కూడా తనంతట తానే కనిపిస్తుంది.

పుస్తకం

ముందుగా ఖరీదైన డైరీ కొనకండి. తేదీలు అచ్చువేసిన డైరీ అసలే వద్దు. నాలుగు రోజులు ఖాళీ పడితే ఆ తెల్ల పేజీలే మిమ్మల్ని నిలదీస్తాయి, అయిదో రోజు దాన్ని తెరవబుద్ధి కాదు. రెండు వందల పేజీల గీతల నోట్‌బుక్కు చాలు. గట్టి అట్ట ఉండాలి, ఎందుకంటే మీరు చాలాసార్లు నిలబడే రాస్తారు. మొదట నేను దానికి నిలువు గీతలు కొట్టి, ఎర్ర సిరాతో ఒక రకం పని, పచ్చ సిరాతో మరో రకం పని అని ఏర్పాటు చేసుకున్నాను. పెన్నులు వెతుక్కోవడానికి పట్టిన సమయాన్ని ఏ రంగుతో రాయాలో తెలియక వారంలో మానేశాను.

పుస్తకాన్ని ముందు వైపు నుంచి చిట్టాగా రాసుకుంటూ రండి. వెనక్కి తిప్పి, చివరి పేజీ నుంచి ఆవర్జా మొదలుపెట్టండి. రెండూ మధ్యలో కలిసే రోజున పుస్తకం అయిపోయినట్టు. నాకు ఒక పుస్తకం సుమారు అయిదు నెలలు వస్తుంది. మా నాన్న ఉగాదికి కొత్త పుస్తకం మూలలకు పసుపు రాసి, పైన శ్రీ రాసి మొదలుపెట్టేవారు. నేను పాతది ఏ రోజు నిండితే ఆ రోజే కొత్తది తీస్తాను. పసుపు మాత్రం రాస్తాను.

ఫోనులో రాసుకోవచ్చు కదా అని మా అబ్బాయి అడుగుతాడు. నేనూ ప్రయత్నించాను. పద్దు రాయడానికి ఫోను తీస్తే పద్దు రాయడం తప్ప మిగతావన్నీ జరిగాయి. మీకు ఆ బాధ లేకపోతే ఫోనే మేలు, వెతకడం తేలిక.

పద్దు ఎలా రాయాలి

ఒక పని వదిలి ఇంకో పనిలోకి వెళ్లేటప్పుడు రాయాలి. ఈ పద్ధతిలో నేను గట్టిగా పట్టుబట్టే నియమం ఇదొక్కటే. రాత్రి పడుకోబోయే ముందు రోజంతా గుర్తు చేసుకుని రాస్తే అది చిట్టా కాదు, కథ. ఆ కథలో మనమే నాయకులం కాబట్టి ప్రతి పనికీ ఒక పావుగంట అదనంగా కలిసిపోతుంది. "రాత్రికి రాద్దాంలే అనుకున్న పద్దే తేడా తెస్తుందమ్మా" అనేవారు నాన్న. ఆయన అన్నది రూపాయల గురించే కానీ నిమిషాలకూ అంతే వర్తిస్తుంది.

పద్దులో మూడు సంగతులు ఉండాలి: ఎప్పటి నుంచి ఎప్పటిదాకా, ఏం చేశాను, ఎక్కడ ఆగాను. టైము అయిదు నిమిషాల లెక్కన చాలు. ఏడు గంటల మూడు నిమిషాలు అని రాయడం మొదలుపెడితే రెండు రోజుల్లో విసుగొస్తుంది. పనులకు పొట్టి గుర్తులు పెట్టుకోండి. నాకు 'పా' అంటే పాటలు, 'కుం' అంటే కుండీలు, 'కా' అంటే ఇంటి కాగితాలు, 'ఆ' అంటే ఆఫీసు. వంట, ఇంటిపని నేను విడివిడిగా రాయను, అన్నిటికీ కలిపి 'ఇ'. కూర తరగడానికి ఎంతసేపు పట్టిందో తెలుసుకుని నేను చేయగలిగేదేమీ లేదు.

ఒక రోజు పేజీ ఉన్నదున్నట్టుగా ఇదిగో. 14వ తేదీ, మంగళవారం.

5.50–6.25 కుం. బెండ ఆకుల కింద పేనుబంక. సబ్బునీళ్లలో వేపనూనె కలిపి కొట్టాను. మిరప నారు 9 మిగిలింది. శుక్రవారం మళ్లీ చూడాలి.
6.25–9.30 ఇ.
9.40–1.15 ఆ.
1.40 కా. అన్నయ్య ఫోను. నాన్న మరణ ధ్రువపత్రం నకళ్లు రెండు శనివారంలోగా పంపుతానన్నాడు.
2.30–6.10 ఆ.
7.05–7.50 పా. 18వ పాట, రెండో చరణం దాకా. మూడో పాదంలో ఒక మాట వినపడలేదు, అమ్మను అడగాలి. ఆగింది: రికార్డింగులో 2 నిమిషాల 10 సెకన్ల దగ్గర.
8.00–9.20 ఫోను.

ఇందులో ఎక్కువ విలువైన మాట 'ఆగింది'. వారం తరువాత మళ్లీ ఆ పని పట్టుకున్నప్పుడు, ఎక్కడిదాకా వచ్చానో వెతుక్కోవడంలోనే నాకు పావుగంట పోయేది. ఆ పావుగంటకు భయపడే చాలా రోజులు పని ముట్టుకునేదాన్ని కాదని కూడా తరువాతే అర్థమైంది. ఇప్పుడు పుస్తకం తెరిచి, రికార్డింగును 2 నిమిషాల 10 సెకన్ల దగ్గరికి జరిపి, కూర్చుంటాను. అల్లిక చేసేవాళ్లు ఎన్నో వరుసలో ఆపారో, చదువుకునేవాళ్లు ఎన్నో లెక్క దగ్గర ఆపారో రాసుకోవచ్చు. 'కొంత అయింది' అని మాత్రం రాయకండి. అది నీటి మీద రాత.

చివరి పద్దు కూడా చూడండి. గంటా ఇరవై నిమిషాలు ఫోను. పక్కన ఏ వ్యాఖ్యానమూ లేదు. 'ఛీ, మళ్లీ వృథా' అని రాసుకుంటే మర్నాడు ఆ పద్దు రాయడం మానేస్తాం. కొట్టు చిట్టాలో 'టీలకు 40' అని మాత్రమే ఉంటుంది, 'ఇన్ని టీలు ఎందుకు తాగారు' అని ఉండదు.

ఇంగ్లీషులో ఇలాంటి పుస్తకాన్ని లాగ్ అంటారు. ఆ మాట ఓడల నుంచి వచ్చింది. వెనకటి నావికులు ముళ్లు వేసిన తాడుకు ఒక కొయ్యముక్క కట్టి సముద్రంలోకి వదిలేవారు. నిర్ణీత సమయంలో ఎన్ని ముళ్లు చేతిలోంచి జారిపోయాయో లెక్కపెట్టి, ఓడ వేగాన్ని ఒక పుస్తకంలో రాసేవారు. ఆ కొయ్యముక్క పేరే పుస్తకానికి వచ్చింది. ఒడ్డు కనపడనిచోట ఎంత దూరం వచ్చామో తెలియడానికి వాళ్లకు ఆ రాత పెద్ద ఆధారం.

ఆదివారం ఆవర్జా

వారానికి ఒకసారి, నాకైతే ఆదివారం టిఫిను తరువాత, చిట్టా ముందు పెట్టుకుని ఆవర్జాకు ఎక్కించాలి. అరగంట పని. ఒక్కో పనికి ఒక్కో పేజీ, అందులో నాలుగు గడులు: తేదీ (పక్కనే మొదలుపెట్టిన వేళ), ఎంతసేపు, ఏం అయింది, నిల్వ. నిల్వ అంటే ఇంకా మిగిలిన పని. చాలామంది చేసినదాన్ని కూడుకుంటారు కానీ మిగిలినదాన్ని రాయరు. కొట్టులో అమ్మకం ఎంతో తెలిసి, గోదాములో సరుకు ఎంతో తెలియకపోతే ఎలా ఉంటుందో అలా ఉంటుంది అది.

నిల్వ రాయాలంటే పనిని లెక్కపెట్టగలగాలి. 'అమ్మ పాటలు రాయడం' అన్న పనికి నిల్వ ఉండదు. '58 పాటలు' అంటే ఉంటుంది. కుండీలకు అలా కుదరదు, అది ఎప్పటికీ అయిపోని పని. అందుకని ఆ పేజీలో నిల్వ గడిలో వారం వారం కాసిన కాయలు రాస్తాను. లెక్క శాస్త్రానికి అది తప్పే, అయినా నా పుస్తకం నా ఇష్టం.

పాటల పేజీ నాకు చేసిన మేలు చెప్తాను. అది నవంబరు మధ్య. పదిహేడు పాటలు పూర్తయ్యాయి. మేనకోడలి పెళ్లి మాఘమాసంలో. అమ్మ పాటలన్నీ చిన్న పుస్తకంగా వేసి పెళ్లిలో పంచుదామని, సంక్రాంతికల్లా రాసి ఇస్తానని అన్నయ్యకు మాట ఇచ్చేశాను. రోజూ గంట కూర్చుంటున్నాను కదా అని నా ధీమా. ఆవర్జాలో కూడి చూస్తే పదిహేడు పాటలకు 14 గంటల 10 నిమిషాలు పట్టింది. అంటే ఒక్కో పాటకు 50 నిమిషాలు. ఇంకా 41 పాటలు ఉన్నాయి కాబట్టి 34 గంటల పైచిలుకు కావాలి. రోజూ గంట అనుకున్నది నిజానికి వారానికి గంటన్నర. ఆ లెక్కన 23 వారాలు పడుతుంది. సంక్రాంతికి ఉన్నవి తొమ్మిదే.

జాబితా ఉన్న రోజుల్లో అయితే సంక్రాంతి ముందు వారం దాకా నాకు ఈ సంగతి తెలిసేది కాదు. అప్పుడు రెండు రాత్రులు నిద్ర మానుకుని, తప్పుల తడకగా ఏదో ఒకటి ఇచ్చి ఉండేదాన్ని. తొమ్మిది వారాలకు గంటన్నర చొప్పున పదమూడున్నర గంటలు, అంటే పదహారు పాటలు. మిగిలిన నలభై ఒక్కటిలో పెళ్లి పాటలు ఎన్నో ఏరి చూశాను. తలంబ్రాలు, బంతులాట, అప్పగింతలు కలిపి పదిహేను. అన్నయ్యకు ఫోను చేసి, "పెళ్లి పాటలు మాత్రం ముందు ఇస్తాను, లాలి పాటలు, హారతులు తరువాత" అన్నాను. "పెళ్లిలో లాలి పాటలతో పనేముందే, తొందరేం లేదు" అన్నాడు. భోగి నాటికి పదిహేనూ అయిపోయాయి.

అదే పేజీలో ఇంకో సంగతి బయటపడింది. సాయంత్రం మొదలుపెట్టిన పాటలకు ఒక్కోదానికి యాభై నిమిషాల పైగా పట్టింది. ఎప్పుడో కరెంటు పోయి పెందలాడే పడుకుని, తెల్లవారుజామున లేచి రాసిన మూడు పాటలకు మాత్రం ఒక్కోదానికి నలభై నిమిషాల లోపే పట్టింది. సాయంత్రం వీధిలో బళ్ల రొద, పక్కింటి టీవీ. అమ్మ గొంతు చిన్నది, ఒక్కో పాదం నాలుగుసార్లు వెనక్కి జరిపి వినాల్సి వచ్చేది. అందుకని పనుల వేళలు మార్చాను. కుండీలకు నీళ్లు సాయంత్రం, పాటలు పొద్దున. మొక్కలు ఏమీ అనుకోలేదు. ఈ మార్పు ఏ సలహా విన్నా నాకు తట్టేది కాదు. ఆ పేజీలో రెండు గడుల్లోని అంకెలు పక్కపక్కన ఉండబట్టే కనిపించింది.

నెలకొకసారి ఇంకో అరగంట పెట్టి అన్ని పేజీల మొత్తాలూ కూడతాను. రెండు మూడు నెలల మొత్తాలు చూశాక మీ నెలకు ఒక ఆకారం ఉందని తెలుస్తుంది. నాది జీఎస్టీ ఆకారం. నెలనెలా రిటర్నులు వేసే కొట్లకు అమ్మకాల వివరాల జీఎస్టీఆర్ 1 గడువు 11వ తేదీ, పన్ను కట్టే 3బీ గడువు 20వ తేదీ. 8 నుంచి 11 దాకా, 16 నుంచి 20 దాకా నా చిట్టాలో 'ఆ' తప్ప వేరే అక్షరం ఉండదు. మొదటి ఏడాది ఆ రోజుల్లో కూడా పాటలకు కూర్చోవాలని పట్టుబట్టి, కుదరక, నన్ను నేను తిట్టుకున్నాను. ఇప్పుడు ఆ తొమ్మిది రోజుల్నీ ముందే కొట్టివేస్తాను. మీ నెల ఆకారం వేరుగా ఉంటుంది. బడి పంతులుకు పరీక్ష పేపర్లు దిద్దే రోజులు, రైతుకు నాట్లు, కోతలు. మూడు నెలలు రాశాక అవి ఎక్కడున్నాయో మీ పుస్తకమే చూపిస్తుంది.

కాగితాల సంగతి

ఆఫీసుల చుట్టూ తిరిగే పని ఉన్నవాళ్లకు చిట్టా ఇంకో రకంగా అక్కరకు వస్తుంది. ఇంటి పన్ను పేరు మార్పు కోసం ఒక ఆఫీసులో దరఖాస్తు ఇచ్చాను. బయటికి వచ్చి మెట్ల మీదే నిలబడి రాశాను: తేదీ, 11.20, మూడో కిటికీ, ఇచ్చిన కాగితాలు ఆరు, వాటి పేర్లు, రసీదు నంబరు, 'పది రోజుల తరువాత రమ్మన్నారు'. పది రోజుల తరువాత వెళ్తే పదిహేను అన్నారు. మూడోసారి వెళ్తే, అసలు అలాంటి దరఖాస్తే రాలేదన్నారు. పుస్తకం తీసి కిటికీలోకి పెట్టాను. రసీదు కంటే ఆ పేజీయే ఎక్కువ పనిచేసిందని నా నమ్మకం. ఏ రోజున ఎవరు ఏమన్నారో వరుసగా కనపడేసరికి ఆయన లేచి వెనక గదిలోకి వెళ్లి, వేరే వార్డు కట్టలోంచి మా దరఖాస్తు తీసుకొచ్చారు.

అక్కడ మనిషి పేరు కంటే కిటికీ నంబరు, టైము రాసుకోవడం మేలు. పేరు అడిగితే ముఖం మారుతుంది.

ఖాళీ రోజులు

రాయని రోజులు వస్తాయి. జ్వరాలు వస్తాయి, చుట్టాలు వస్తారు. పోయిన ఏడాది వరుసగా పదకొండు రోజులు నేను పుస్తకం ముట్టలేదు. అలాంటప్పుడు అడ్డంగా ఒక గీత గీసి, 'ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా రాయలేదు' అని ఒక్క వరుస రాసి, ఇవాళ్టి నుంచి మొదలుపెట్టండి. గుర్తు తెచ్చుకుని పూడ్చకండి. పూడ్చిన పద్దులు కాకిలెక్కలు. ఆవర్జాలో అవి నిజమైన పద్దులతో కలిసిపోతే మొత్తం కూడికే పనికిరాకుండా పోతుంది.

మరీ దీక్షగా చేయాలని కూడా అనుకోకండి. రష్యాలో అలెగ్జాండర్ ల్యూబిషెవ్ అనే శాస్త్రవేత్త ఉండేవారు, ఆకులు తినే చిన్న పెంకుపురుగుల మీద పరిశోధన చేసేవారు. ఆయన 1916లో తన సమయానికి లెక్క రాయడం మొదలుపెట్టి, 1972లో చనిపోయేదాకా రాస్తూనే ఉన్నారు. ఏ పనికి ఎన్ని గంటలో నెలనెలా, ఏటేటా కూడేవారు. తలుచుకుంటే గౌరవం కలుగుతుంది కానీ, మన ఇళ్లలో గ్యాసు మీద పాలు పెట్టి పద్దు రాస్తుంటే పాలు పొంగిపోతాయి. నాకు రోజుకు రాతకు పట్టేది మొత్తం ఏడెనిమిది నిమిషాలు. అంతకు మించితే రాయడమే ఒక పనైపోయి, దానికీ ఒక పద్దు రాయాల్సి వస్తుంది.

మొదలుపెట్టేవాళ్లు మొదటి రెండు వారాలు ఆవర్జా జోలికి పోకండి. చిట్టా ఒక్కటే రాయండి, అదీ ఒకటో రెండో పనులకు మాత్రమే. పెన్ను పుస్తకానికే దారంతో కట్టేయండి. చూడటానికి కిరాణా కొట్టు పుస్తకంలా ఉంటుంది కానీ, పెన్ను లేక పోయిన పద్దులు నాకు చాలానే ఉన్నాయి. మూడో ఆదివారం నుంచి ఎక్కించడం మొదలుపెడితే, అప్పటికి ఏ గడులు కావాలో మీకే తెలుస్తుంది. నా నాలుగు గడులు మీకు సరిపోకపోవచ్చు.

నిండిన పుస్తకాన్ని పారేయకండి. అట్ట మీద మొదటి తేదీ, చివరి తేదీ పెద్ద అక్షరాలతో రాయండి. లోపలి అట్ట మీద ముఖ్యమైన సంగతులు నాలుగైదింటికి పేజీ నంబర్లు వేయండి. నేను ఎండబెట్టిన వేపాకు వేసి బీరువా పై అరలో పెడతాను, పురుగు పట్టకుండా. ఎప్పుడు పనికొస్తాయో చెప్పలేం. మొన్న గేటుకు రంగు వేయించాల్సి వచ్చింది. మూడేళ్ల కిందట వేసిన రంగే కావాలని అమ్మ పట్టు, కొట్టువాడేమో నంబరు చెప్పమంటాడు. రెండో పుస్తకంలో దొరికింది, డబ్బా మీది నంబరుతో సహా.